పద్దు లేని ఖర్చు

ఏ వ్యాపారసంస్థయొక్క జమాఖర్చుల పట్టికను తెఱచి చూచినను, జీతములకొక పద్దు, అద్దెలకొక పద్దు, డీజిలుకొక పద్దు, ప్రకటనలకొక పద్దు, తుదకు వచ్చిపోవు అతిథులకిచ్చిన కాఫీ ఫలహారములకు సైతమొక పద్దు కనబడును గాని, వాహనప్రమాదములవలన కలిగిన నష్టమను పద్దు మాత్రము ఎచ్చటను కనబడదు. నష్టము లేక కాదు. అది పది చోట్లకు చెదరిపోయి, పది మాఱుపేర్లతో తలదాచుకొని యుండుటచేత కనబడదు. బంపరు మార్పించిన సొమ్ము మరమ్మతులలో చేరును. పెరిగిన ప్రీమియము బీమాలో చేరును. వకీలు ఫీజు న్యాయవ్యయములలో చేరును. ఆసుపత్రిలో పడియున్న డ్రైవరుకిచ్చిన జీతము జీతములలోనే కలిసిపోవును. అతని స్థానమున రెండు నెలలు బండి నడిపిన బదిలీ డ్రైవరు బత్తా ఇతరవ్యయములలో చేరును. సరకు ఆలస్యముగా చేరినందుకు కొనుగోలుదారు బిల్లులో కోసివేసిన మొత్తము రిబేటు అను మర్యాదయైన పేరుతో అమ్మకములనుండి జారిపోవును. ఇన్ని తావుల నున్నదానిని ఒక్కచోట కూడి చూచు బాధ్యత ఏ యొక్కరిదియు గాకపోవుటచే, యజమాని నిశ్చింతగా 'బండికి బీమా యున్నది గదా' అనుచుండును.

ఆ యొక్క వాక్యమును పరీక్షించుటయే ఈ వ్యాసమునకు విషయము. సిమెంటు లారీలు త్రిప్పువారికిని, పాలడైరీ వ్యానులవారికిని, గ్యాసు సిలిండర్లు చేరవేయువారికిని, బడిబస్సులు నడుపు విద్యాసంస్థలకును, ఊరూర తిరుగు మందుల ప్రతినిధులను నియమించిన కంపెనీలకును ఇది సమానముగనే వర్తించును. వాహనభద్రతకొఱకు ఖర్చుపెట్టుమని చెప్పువాడు సామాన్యముగా దయాధర్మముల పేర మొఱపెట్టుకొనును. వినువాడు తల యూపి, 'వచ్చే యేడు చూతము' అని కాగితమును ప్రక్కన పెట్టును. కాని ఆ కాగితమునే లాభనష్టముల భాషలో వ్రాసి లెక్కల అధికారి బల్లపై నుంచినచో, భద్రత యనునది దానమను భ్రమ తొలగి, పెట్టుబడి యను గుర్తింపు దానికి లభించును. ఈ మాట కొందఱికి కటువుగా తోచవచ్చును. మనుష్యప్రాణమును రూపాయలలో తూచుట న్యాయమా యని వారడుగవచ్చును. న్యాయము కాదనియే నా యభిప్రాయమును. అయినను, తూచకుండ నుండుటచేత ఏ ప్రాణమును నిలువలేదనుటయు అంతే సత్యము.

దేశముమొత్తముమీద చూచినచో, కేంద్ర రవాణామంత్రిత్వశాఖ లెక్కల ప్రకారము 2022 వ సంవత్సరమున 4,61,312 రోడ్డుప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. 4,43,366 మంది గాయపడిరి. ఈ నష్టము దేశముయొక్క స్థూలోత్పత్తిలో దాదాపు 3 శాతముండునని ప్రభుత్వమే పలుమారులు అంచనా వేసినది. ఇంత పెద్ద సంఖ్యలు చదివినపుడు మనసునకు ఏదియు తగులదు. కావున ఒక్క లారీని, ఒక్క ఉదయమును తీసికొని చూతము.

విజయవాడనుండి విశాఖపట్టణమునకు సరకు నింపుకొని 16 వ నంబరు జాతీయరహదారిపై పోవుచున్న లారీ యొకటి, తెల్లవాఱుజామున నాలుగు గంటల ప్రాంతమున, డ్రైవరు రెప్ప వాలిన క్షణమున, వెనుక దీపములు లేని ట్రాక్టరు ట్రాలీని గ్రుద్దినదని ఊహింతము. ప్రాణహాని జరుగలేదు, డ్రైవరు కాలు విఱిగినది, క్యాబిను ముందుభాగము నుజ్జయినది, సరకులో నాలుగవవంతు రోడ్డుపాలైనది. మొదట క్రేను రావలెను. ఆ క్రేనువాడు ఆ వేళలో అడిగినదే ధర. పిమ్మట పోలీసుఠాణాలో ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, పిమ్మట మోటారువాహనముల ఇన్‌స్పెక్టరు వచ్చి బ్రేకులు సరిగా నున్నవో లేవో చూచి నివేదిక వ్రాయువఱకు బండి ఠాణా ఆవరణలో ఎండకెండి వానకు తడియుచుండును. మిగిలిన సరకును వేఱొక బండిలోనికి మార్చుటకు హమాలీలు, రెండవ కిరాయి. రెండువందల కిలోమీటర్లకొక దినము చొప్పున గడువుండు ఈ-వే బిల్లు ఆ గందరగోళములో తీరిపోయినచో, దానిని సకాలమున పొడిగింపకున్న జరిమానా భయము. కంపెనీనుండి ఒక మేనేజరు, ఒక గుమస్తా పనులు మానుకొని మూడు నాలుగు మార్లు ఆ యూరికి పోయి రావలెను.

ఇక 'బీమా యున్నది గదా' అను మాట. సర్వేయరు వచ్చి చూచును. రబ్బరు, నైలాను, ప్లాస్టిక్ భాగములకు సగము విలువ తరుగుదల క్రింద కోసివేయుట మోటారు పాలసీ నియమము. అంతకంటె ఎక్కువమందికి తెలియని విషయమొకటి కలదు: సరకువాహనముల పాలసీలో దీపములు, టైర్లు, మడ్‌గార్డులు, బానెటు, ప్రక్కభాగములు, బంపర్లు, రంగు మొదలైన వానికి కలిగిన నష్టము, బండి పూర్తిగా ధ్వంసమైన సందర్భమున దప్ప, సామాన్యముగా చెల్లదు; ఐ.ఎం.టి.-23 అను అదనపు షరతును అదనపు ప్రీమియము కట్టి చేర్పించుకొన్నవారికే చెల్లును. లారీ దేనినైన గ్రుద్దినపుడు మొట్టమొదట పగులునవి ఆ భాగములే గదా! పాలసీ వ్రాయించినపుడు ప్రీమియము తగ్గించుమని ఏజంటును పీడించిన యజమాని, ఆ షరతు తనకు లేదని షెడ్డులో బిల్లు చూచినపుడు తెలిసికొనును. క్లెయిమ్ పెట్టిన పిదప, అంతవఱకు క్లెయిములు లేని ఏటేటికి 20 శాతముతో మొదలై 50 శాతమువఱకు పెరుగుచు వచ్చిన బోనసు ఒక్కసారిగా పోవును. ఇంతలో ఫైనాన్సు కంపెనీకి నెలవాయిదా మాత్రము ఆగదు. నిలిచియున్న బండికిని నడచుచున్న బండికిని వాయిదా యొక్కటే.

ఈ విషయమును తొలుత శాస్త్రీయముగా చెప్పయత్నించినవాడు హెర్బర్ట్ విలియం హెయిన్రిచ్ అను అమెరికను. ట్రావెలర్స్ అను బీమాకంపెనీలో పనిచేయుచు వేలకొలది ప్రమాదపత్రములను పరిశీలించిన ఆయన 1931 లో ప్రకటించిన గ్రంథమున, బీమా చెల్లించు ప్రత్యక్షవ్యయము ఒక రూపాయి యైనచో, సంస్థ తన సంచిలోనుండి తెలియకుండ పెట్టుకొను పరోక్షవ్యయము నాలుగు రూపాయలుండునని ప్రతిపాదించెను. ఆ నిష్పత్తిని తరువాతివారు తీవ్రముగ విమర్శించిరి. అది అన్ని పరిశ్రమలకు, అన్ని కాలములకు ఒక్కటేయని నమ్ముట తప్పనిరి. ఆ విమర్శ సరియైనదే. హైదరాబాదులో కొరియరు వ్యానుకును, రాయలసీమలో గనులనుండి ముడిఖనిజము తెచ్చు టిప్పరుకును ఒకే గుణకము వర్తించునని చెప్పువానిని నేనును నమ్మను. కాని బీమా చెల్లించునది మొత్తములో ఒక భాగమేయనియు, కనబడని భాగము చిన్నది కాదనియు ఆయన చూపినది నేటికిని నిలిచియున్నది. ఎవరి గుణకమును వారే తమ బిల్లులనుండి తీసికొనవలెను.

లెక్కల అధికారిని కదిలించు లెక్క వేఱొకటి కలదు. రవాణా వ్యాపారములో రూపాయికి ఐదు పైసలు మిగులుననుకొందము. పోటీ యెక్కువగానున్న మార్గములలో అంతయు మిగులదని ఆటోనగర్ వారు చెప్పుదురు. పైన చెప్పిన ప్రమాదమున బీమా చెల్లించగా మిగిలి సంస్థ నెత్తిన పడినది రెండు లక్షలైనచో, ఆ రెండు లక్షలను తిరిగి సంపాదించుటకు నలుబది లక్షల రూపాయల కిరాయి తోలవలెను. ఒక్క బండి ఎన్ని నెలలు తిరిగిన నలుబది లక్షలగునో యజమానికి మనము చెప్పనక్కఱలేదు. ఆయనకు నోటిలెక్కగా తెలియును. భద్రతకై లక్ష యడిగినపుడు అది ఖర్చుగా తోచును; తప్పిన ప్రమాదమువలన రెండు లక్షలు మిగిలినపుడు అది నలుబది లక్షల వ్యాపారముతో సమానమని తోచదు. ఆ తోచనిదానిని తోచునట్లు చేయుటయే భద్రతాధికారి చేయవలసిన మొదటి పని.

ప్రాణహాని జరిగినచో లెక్క మఱొక విధముగా మారును. పరిహారమునకు న్యాయస్థానములు అనుసరించు పద్ధతిని సామాన్యపాఠకులు తెలిసికొనుట మంచిది. 2009 లో సరళావర్మ కేసులోను, 2017 లో ప్రణయ్ సేఠీ కేసులోను సుప్రీంకోర్టు నిర్ణయించిన సూత్రముల ప్రకారము, ముప్పది నాలుగేండ్ల వయసు, స్థిరమైన ఉద్యోగము, నెలకు 30,000 రూపాయల జీతము గల వ్యక్తి, భార్యను, ఇద్దఱు బిడ్డలను, తల్లిని విడిచి మరణించినాడనుకొనుడు. సంవత్సరాదాయము 3,60,000, అతడు బ్రతికియుండినచో జీతము పెరుగుచుండెడిది గావున దానికి సగము కలుపగా 5,40,000, నలుగురు ఆధారపడినవారున్నందున అతని స్వంతవ్యయము క్రింద నాలుగవవంతు తీసివేయగా 4,05,000, ఆ వయసునకు విధించిన గుణకము 16, మొత్తము 64,80,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, కుటుంబసాహచర్యనష్టము మొదలైనవి దీనికి అదనము, వడ్డీ వేఱు. అతనిది పెద్ద జీతము కాదని గమనింపుడు. మన యూరిలో ఒక బ్యాంకు గుమస్తా, ఒక ఉపాధ్యాయుడు తెచ్చుకొను జీతమే.

ఈ మొత్తమును బీమాకంపెనీయే చెల్లించునని ధైర్యముగా నుండువారు, ఆ ధైర్యము నిలుచుటకు పత్రములన్నియు సరిగా నుండవలెనని మఱచుచుందురు. తగిన లైసెన్సు లేనివానికి, లేక గడువు దాటిన లైసెన్సువానికి యజమాని తెలిసియో, అజాగ్రత్తచేతనో బండి అప్పగించినట్లు ఋజువైనపుడు, బాధితునికి ముందు బీమాకంపెనీ చెల్లించినను, తరువాత ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుకొను అవకాశము 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పువలన దానికి కలిగినది. కాబట్టి లైసెన్సుల గడువుతేదీలు వ్రాసియుంచిన ఒక చిన్న రిజిస్టరు, దానిని నెలకొకసారి చూచు ఒక గుమస్తా, ఈ రెండును కలిసి అఱువదినాలుగు లక్షల అపాయమునకు అడ్డునిలుచును. ఇంతకంటె చవుకయైన రక్షణ వ్యాపారములో వేఱొకటి యున్నదేమో నాకు తెలియదు. మరణించినవాడు సంస్థయొక్క డ్రైవరే యైనచో, ఉద్యోగుల నష్టపరిహారమునకై 1923 నాటి చట్టము పెట్టిన సూత్రమును బట్టి, ముప్పదియేండ్ల వయసువానికి నెలజీతము 15,000 గా లెక్కించి, అందులో సగమును 207.98 తో గుణింపగా వచ్చునది 15,59,850 రూపాయలు.

బీమా యను తెర అడ్డము లేకుండ ప్రమాదవ్యయమును కన్నులార చూచుచున్న సంస్థలు కొన్ని మన దేశమున కలవు, అవి రాష్ట్రరవాణాసంస్థలు. మోటారువాహనముల చట్టము 146 వ సెక్షను, తగిన నిధిని స్వయముగా నెలకొల్పుకొన్న ప్రభుత్వరవాణాసంస్థలకు బీమానుండి మినహాయింపునిచ్చుటకు వీలు కల్పించినది. అట్టి మినహాయింపు పొందిన సంస్థ బస్సు ఎవనిని గ్రుద్దినను, కోర్టు విధించిన ప్రతి రూపాయియు దాని ఖజానాలోనుండియే పోవలెను. 1932 లో నిజాం రాష్ట్రరైల్వేలో ఒక శాఖగా 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఆరంభమై, 1958 జనవరి 11 న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణాసంస్థగా రూపొంది, ఒకప్పుడు ప్రపంచములోనే అత్యధికముగా బస్సులు గల సంస్థగా గిన్నిసు పుస్తకమునకెక్కిన మన ఆర్.టి.సి. డిపోలలో, ఏండ్లతరబడి ప్రమాదము లేక నడిపిన డ్రైవరును పిలిచి సభలో సత్కరించు ఆచారమున్నది. అదియంతయు వట్టి మర్యాద యనుకొనరాదు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చినవో, ఆ 'కె.ఎం.పి.ఎల్.' అంకెను డ్రైవరుపేర డిపోలో వ్రాసిపెట్టి చూచు అలవాటు కూడ అచ్చట పాతదే. ఈ రెండు లెక్కలకును చుట్టఱికమున్నదని పాత డ్రైవర్లకు ఎవ్వరును చెప్పనక్కఱలేదు: ముందు చూపు గలిగి, బ్రేకును తొక్కవలసిన యవసరమే రాకుండ, ఆక్సిలరేటరును మెల్లగా వదలువాడు డీజిలును మిగుల్చును, టైరును మిగుల్చును, బ్రేకు లైనరును మిగుల్చును, మనిషినిని మిగుల్చును.

వాదములో బలమైన భాగమిదియే. ప్రమాదము అరుదైనది, అది తప్పినట్లు ఎవ్వరును చూపలేరు. జరుగనిదానికి బిల్లు రాదు గదా! కాని డీజిలు ప్రతిదినము కాలును. భద్రముగా నడుపుట నేర్పిన మొదటి నెలనుండియే డీజిలులో తేడా కనబడును. ఆ తేడా శిక్షణవ్యయమును తీర్చుచుండగా, తప్పిన ప్రమాదములు పైలాభముగా వచ్చును. అమెరికాలోని తెలుగువారు నిత్యము వీధులలో చూచు గోధుమరంగు వ్యానుల సంస్థ, 1907 లో సియాటిల్ నగరమున పుట్టిన యు.పి.ఎస్., ఎదురువచ్చు వాహనముల వరుసకు అడ్డముగా తిరుగవలసిన మలుపులను సాధ్యమైనంత తప్పించునట్లు తన మార్గములను కూర్చుకొన్నది. అచ్చట వాహనములు కుడిప్రక్కను నడచును గావున అవి ఎడమమలుపులు, మనకైనచో కుడిమలుపులగును. మలుపుకడ నిలిచి ఎదురుచూచునపుడు వృథాగా కాలు ఇంధనమును, అడ్డముగా తిరుగునపుడు జరుగు ఢీకొనుటలును ఒకే నిర్ణయముతో తగ్గినవి. తప్పింపదగిన ప్రమాదము లేక ఇరువదియైదేండ్లు నడిపిన డ్రైవర్లకు ఆ సంస్థలో ప్రత్యేకమైన గౌరవశ్రేణి యొకటి కలదు.

మఱి సొమ్మును దేనిపై వెచ్చింపవలెను? అందఱును మొదట అడుగునది యంత్రములను. జి.పి.యస్., డ్రైవరు ముఖమువైపు కెమేరా, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు మ్రోగు గంట, ఇవన్నియు అమ్మువారు నేడు కార్యాలయముల చుట్టు తిరుగుచున్నారు. అవి నిరర్థకములు కావు. కాని నా యుద్దేశమున మొదట సవరింపవలసినది యంత్రము కాదు, కాలపట్టిక. ఒక గోడపై 'వేగముకన్న ప్రాణము మిన్న' అను బోర్డు. అదే గోడకు ఆనించిన బల్లపై, రాత్రి పదింటికి లోడయిన బండి ఉదయము ఆఱింటికి చేరకున్న బత్తాలో కోత యను ఆదేశము. డ్రైవరు చదువుకొన్నవాడైనను కాకున్నను ఈ రెంటిలో ఏది నిజమైన ఆజ్ఞయో వెంటనే గ్రహించును. ట్రిప్పుకింత యని కూలి కట్టి, నిదురపోయిన గంటకు కూలి లేకుండ చేసిన సంస్థ, నిదురమత్తులో జరిగిన ప్రమాదమునకు డ్రైవరును నిందించుట ధర్మము కాదు.

మోటారు రవాణాకార్మికులకొఱకు 1961 లో వచ్చిన చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటల పని యనియు, ఐదుగంటలకు మించి విరామము లేక పని చేయింపరాదనియు, ఆ విరామము అరగంటకు తగ్గరాదనియు విధించినది. ఆ చట్టము ఇటీవలి కార్మికస్మృతులలో కలిసిపోయినను, మనిషి శరీరము మాఱలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు 22 మీటర్లు ముందునకు సాగును. మూడు క్షణములు రెప్ప వాలినచో 66 మీటర్లు ఎవ్వరును నడుపని బండి రోడ్డుపై పరుగెత్తినట్లే. ఆ వేగమున బండికుండు తాకుడుశక్తి 60 కిలోమీటర్ల వేగమున నుండుదానికంటె ముప్పాతికవంతుకు పైగా అధికము. సగటువేగము నూటికి ఒక్కపాలు పెరిగినచో ప్రాణాంతకప్రమాదముల అపాయము నూటికి నాలుగుపాళ్లు పెరుగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇంతకును వేగమువలన కలిసివచ్చునదెంత? విజయవాడ విశాఖల నడుమ ఇంచుమించు 350 కిలోమీటర్లు. ఎచ్చటను ఆగకుండ 60 చొప్పున పోయిన 5 గంటల 50 నిమిషములు, 70 చొప్పున పోయిన 5 గంటలు. ఆ మిగిలిన ఏబది నిమిషములు గోదాము గేటుకడ, దింపు హమాలీలు వచ్చులోపల, టీకొట్టు బల్లపై హరించుకుపోవును. గోదాములో దింపుడు వేళలను సవరించిన మేనేజరు, డ్రైవరును తొందరపెట్టకుండనే రెండు గంటలు సంపాదింపగలడు. ఆ పని ఎవ్వరును చేయరు, ఏలయన దానికి ప్రక్కశాఖవారితో మాటలాడవలెను.

2025 అక్టోబరు 1 వ తేదీనుండి తయారగు మధ్యతరగతి, భారీ సరకువాహనముల క్యాబిన్లకు చల్లదన సాధనము ఉండితీరవలెనని కేంద్రప్రభుత్వము విధించినపుడు, 'లారీకి ఏ.సి. యేమిటి' అని నవ్వినవారున్నారు. మే నెలలో రామగుండముకడనో రెంటచింతలకడనో మధ్యాహ్నము రెండు గంటలకు ఇంజనుప్రక్కను కూర్చుండి నాలుగు గంటలు నడిపినవారెవ్వరును నవ్వలేదు.

బహుమానముల విషయమున ఒక హెచ్చరిక. 'ఈ త్రైమాసికమున ప్రమాదము లేనివారికి ఐదువేలు' అని ప్రకటించిన సంస్థలో ప్రమాదములు తగ్గకపోవచ్చును గాని, ప్రమాదముల వార్తలు మాత్రము తప్పక తగ్గును. సొట్ట పడిన తలుపును డ్రైవరు తన డబ్బుతో దారిలోనే డెంటింగు చేయించుకొని, పైన రంగు పూయించుకొని వచ్చును. వదులైన స్టీరింగుమాట చెప్పినచో ఎక్కడ ఆరాలు తీయుదురోయని చెప్పక ఊరకుండును. కొండనాలుకకు మందువేసిన ఉన్ననాలుక ఊడినట్లగును. చిన్న ప్రమాదమును, తృటిలో తప్పినదానిని వచ్చి చెప్పినవానిని దండింపక, చెప్పినందుకు మెచ్చుకొను సంస్థలోనే పెద్ద ప్రమాదమునకు ముందుగా సూచనలు అందును. బహుమానమీయవలెనన్న, వేగపరిమితిని పాటించుట, బయలుదేరుటకుముందు టైర్లు దీపములు చూచుకొనుట, పెట్టుకొన్న సీటుబెల్టు, ఎత్తని ఫోను మొదలైన కనబడు అలవాట్లకీయవలెను. ఫోను మాటలాడుచు నడుపువానికి ప్రమాదపు అపాయము ఇంచుమించు నాలుగురెట్లని ఆరోగ్యసంస్థయే చెప్పినది. ఆ ఫోను చేయునది సామాన్యముగా కార్యాలయమే. 'ఎక్కడిదాకా వచ్చినావు?' అని బండి నడచుచుండగా గంటకొకమారు అడుగు డిస్పాచి గుమస్తాకు శిక్షణ యిచ్చినవారిని నేనింకను చూడలేదు.

ఇక యాజమాన్యమునకు పత్రము వ్రాయువారికి ఒకటి రెండు మాటలు. గడచిన మూడేండ్ల మరమ్మతుబిల్లులను, క్లెయిము పత్రములను, కోర్టు నోటీసులను ఒక్కచోట పెట్టి కూడుడు. బండ్లసంఖ్యను బట్టి కాక, నడచిన లక్ష కిలోమీటర్లకు ఎన్ని ప్రమాదములని లెక్కింపుడు. పది బండ్లు కొన్న సంవత్సరమున ప్రమాదములు పెరిగినవని భయపడుటయు, వ్యాపారము మందగించినపుడు తగ్గినవని సంతోషించుటయు అప్పుడు తప్పును. ఒక డిపోలోనో, ఒక మార్గమునందో మొదట ప్రయత్నించి, ప్రయత్నింపని మఱొకదానితో సరిపోల్చుడు. ఇచ్చట చాలమంది మోసపోవుదురు: గతసంవత్సరము అత్యధికముగా ప్రమాదములు చేసిన పదిమందిని ఏఱి శిక్షణ యిచ్చి, మఱుసటి యేడు వారి ప్రమాదములు తగ్గగానే శిక్షణ ఫలించినదందురు. దురదృష్టముచేత ఒక యేడు పట్టిక తలభాగమునకెక్కినవారు శిక్షణ లేకున్నను తరువాతి యేడు కొంత దిగివత్తురు. తెలిసిన లెక్కల అధికారి ఆ ప్రశ్న యడుగును. అడుగకముందే సమాధానము పత్రములో నుండవలెను. చిన్నసంస్థలో మరణములు, పెద్దగాయములు లెక్కకు చాలినన్ని యుండవు, ఉండకూడదు గూడ. కావున సొట్టలు, హఠాత్తుగా వేసిన బ్రేకులు, పరిమితి దాటిన వేగములు, ఇవియే కొలమానములు కావలెను.

కంపెనీ పేర లేని బండ్లు కూడ కంపెనీ బండ్లే యనుట చాలమందికి తోచదు. సంచి భుజమున వేసికొని స్వంత మోటారుసైకిలుపై రోజుకు నాలుగు మండలములు చుట్టు మందుల ప్రతినిధి, వాయిదాలు వసూలు చేయు ఫీల్డు ఆఫీసరు, పది నిమిషములలో సరకు తెచ్చునని ప్రకటింపబడిన కుఱ్ఱవాడు, వీరు ఏ ఆస్తుల రిజిస్టరులోను ఉండరు. 2022 లో శిరస్త్రాణము లేక మరణించినవారు 50,029 మంది. సీటుబెల్టు లేక మరణించినవారు 16,715 మంది. వారిలో ఎందఱు పనిమీద పోవుచుండిరో ఏ పట్టికయు చెప్పదు, ఏలయన పోలీసుపత్రములో ఆ గడియే లేదు. పెట్రోలు భత్యమును కిలోమీటరుకింత యని లెక్కగట్టి యిచ్చు సంస్థ, ఆ కిలోమీటర్ల అపాయము మాత్రము తనది కాదనుట న్యాయమైన వాదము కాదు.

లాభనష్టముల వాదమునకు ఒక హద్దు కలదని ఒప్పుకొనవలెను. ప్రమాదవ్యయములో అధికభాగము సంస్థపై గాక, రోడ్డుప్రక్కను నడచుచున్న కూలివానిపై, కాలు పోయిన క్లీనరుపై, వాని యిల్లాలిపై పడును. అది ఎవరి జమాఖర్చులోనికిని రాదు. సంస్థకు గిట్టుబాటు కాని భద్రతయు కొంత యుండును. దానికై చట్టము, తనిఖీ, శిక్ష యుండవలసినదే. అయితే గిట్టుబాటగు భద్రతయే ఇంకను అమలుకాని చోట, గిట్టనిదానిని గూర్చి చర్చించుటకు చాల వ్యవధి కలదు.

కావున బండ్లు గల పాఠకులకు నా విన్నపమొక్కటి. ఈ నెల జీతములు ముగిసిన పిమ్మట, మీ గుమస్తాను పిలిచి, గత సంవత్సరమున జరిగిన ప్రమాదములలో ఏదో యొక్కదానిని, చిన్నదానినైనను సరియే, ఎన్నుకొని, దానివలన ఎచ్చటెచ్చట ఎంతెంత పోయినదో, బండి ఎన్ని దినములు నిలిచినదో, ఎవరెవరి పని చెడినదో ఒక కాగితముపై వ్రాయుమని చెప్పుడు. క్రింద మొత్తము వేయించుడు. ఆ ప్రక్కనే ఆ బండికి సంవత్సరమున మీరు కట్టిన బీమా ప్రీమియమును, ఆ డ్రైవరు శిక్షణకై మీరు వెచ్చించిన సొమ్మును వ్రాయించి, మూడు సంఖ్యలను మీరే చూచుకొనుడు.